తగ్గింది ఎత్తు, ఇసుక కాదు

ఈ వీడ్కోలు సభకు పెద్దగా కూర్చున్న మేనేజర్ జలాలుద్దీన్ గారికి, రేపు సొంతూరికి బయలుదేరుతున్న ఇసుక యార్డు ఇన్‌చార్జి సువార్తరావు గారికి, ఆయన భార్య దయమ్మ గారికి, ఇండస్ట్రియల్ ఏరియా క్యాంపు నుంచి బస్సులో వచ్చిన అన్నలకు నమస్కారం. నా పేరు సుహాసిని. యార్డులో ఇసుక ఎత్తిపోసే షవల్ బండి నడిపే జలంధర్ భార్యను. నలుగురి ముందు మాట్లాడటం నాకిదే మొదలు. గొంతు వణికితే ఏసీ అనుకోండి. (నవ్వులు)

ఆడవాళ్ళ తరఫున నన్ను మాట్లాడమని దయమ్మ గారు అన్నప్పుడు, ఇంతమంది ఉండగా నన్నే ఎందుకు అడిగారని రెండు రోజులు అనుమానపడ్డాను. నా గుణమే అంత. నేను దోహాలో దిగిన రోజు సువార్తరావు గారే కారు తెచ్చారు, పక్కనే ఉన్న వక్రా ఊళ్లో మాకు గది చూపించారు, దయమ్మ గారు ఆవకాయ సీసా ఇచ్చారు. మా ఆయన రెండు ముద్దలు తిని బాగానే ఉన్నాడని చూశాక గానీ ఆ ఆవకాయ నేను ముట్టలేదు. (నవ్వులు) కొత్త దేశంలో ఊరికే ఎవరిస్తారండీ?

పోయిన నెల జరిగినదానికి మాత్రం ఎవరూ నవ్వలేదు. యార్డులో ఇసుక కుప్ప మధ్యన గీతలు పెట్టిన ఇనుప గొట్టం ఉంటుంది. ఇసుక ఏ గీత దాకా ఉందో చూసి సువార్తరావు గారు రిజిస్టర్లో రాస్తారు. ఇరవై ఆరేళ్లుగా అదే పద్ధతి. ఆ రోజు పొద్దున నాలుగో గీత దగ్గరున్న ఇసుక, ఒక్క లారీ కూడా బయటికి పోకుండానే, సాయంత్రానికి మూడో గీతకు దిగింది.

"ఏమయ్యా జలంధరూ, యార్డులో ఉన్నది నువ్వొక్కడివే. మరి ఇసుకకి కాళ్లొచ్చాయా?" అని అందరి ముందు అడిగారట.

"నాకేం ఎరుక సార్? జేబుల వోసుకొని పోయిన్నా?" అన్నాడట ఈయన.

రిజిస్టర్లో దొంగ అని రాయలేదు. "ఇసుక తగ్గింది. డ్యూటీలో జలంధర్" అని రాశారు. చదివేవాళ్లకు అంత చాలు. క్యాంపులో చూపులు మారాయి. రేపు కొత్త ఇన్‌చార్జి వచ్చి ముందు చదివేదీ ఆ రెండు ముక్కలే. అవి అలాగే ఉంటే మా ఆయన కాంట్రాక్టు పొడిగించరు.

నిజం చెబుతున్నాను, మొదట నేను ఈయననే అనుమానించాను. జేబులు వెతికాను, ఫోను చూశాను. అటు చూడండి, ఈ సంగతి ఆయనకు ఇప్పుడే తెలిసింది. (నవ్వులు) తర్వాత సువార్తరావు గారిని అనుమానించాను. ఆఖరికి ఇసుకను అనుమానించాను.

ఒక రోజు ఉప్మా రవ్వ పళ్లెంలో పోస్తుంటే కుప్ప కొంత ఎత్తు లేచి ఆగింది. ఇంకా పోస్తే పక్కలకు జారింది. కింద వెడల్పు పెరిగితే తప్ప పైకి లేవనంటుంది. దాంతో మా ఆయన చేత యార్డు ఇసుక ఒక డబ్బాడు తెప్పించాను. ఇంజినీరు నితీష్ గారిని అడిగే తెచ్చాడు, దానికి ఇంకో రిపోర్టు రాయకండి సార్. (నవ్వులు) దాన్ని తడిపి, నిటారుగా కుప్ప పోసి, ఎండలో పెట్టి, చూపు తిప్పకుండా ఎదురుగా కూర్చున్నాను. ఆరేకొద్దీ కుప్ప కుంగింది, చుట్టూ పరుచుకుంది. ఒక్క రేణువు పళ్లెం దాటలేదు.

ఎండు ఇసుకను నిలబెట్టేది రేణువుల గరుకు మాత్రమేనట, దాన్ని ఘర్షణ అంటారట. వాలు ఒక హద్దు దాటితే ఆ పట్టు చాలదు. తడి ఉంటే అంటుకొని ఇంకా నిటారుగా నిలుస్తాయి. "ఎనిమిదో తరగతి పాఠమే కదమ్మా" అన్నారు నితీష్ గారు. నేను ఏడుతో మానేశాను. (నవ్వులు) మన యార్డుకు ఎప్పుడూ ఎండు ఇసుకే వచ్చేది. ఆ వారమే మొదటిసారి కడిగిన తడి ఇసుక వచ్చింది. ఎండకు ఆరింది, జారింది. గొట్టం ఎత్తునే చూసింది, కుప్ప పాదం ఎంత జరిగిందో ఎవరూ చూడలేదు.

సువార్తరావు సార్, మీరు చేసిన మేలు మరిచిపోను. అయినా ఒక అనుమానం వదలడం లేదు. ఈ శాలువా భుజాన పడ్డాక, అందరం బిర్యానీ తిన్నాక, ఆ రిజిస్టరు ఎవరికి గుర్తుంటుంది? అందుకే మేనేజర్ గారిని బతిమాలి ఇక్కడికే తెప్పించాను. ఇదిగో పళ్లెం, మధ్యలో గీతలు పెట్టిన చీపురుపుల్ల. ఈ ఎండు ఇసుకను ఈ చిన్న పళ్లెం దాటకుండా నాలుగో గీత దాకా లేపండి సార్.

(సువార్తరావు గారు లేచి వచ్చి ఇసుక పోశారు.)

ఇంకొంచెం పోయండి. జారింది కదా? "జారిందమ్మాయ్. ఇన్నేళ్లూ గొట్టాన్నే నమ్మాను" అంటున్నారు. వెనకవాళ్లకు వినపడలేదు సార్, మైకులో చెప్పండి. (చప్పట్లు)

పెన్ను తీశారు. "ఎత్తు తగ్గింది, ఇసుక తగ్గలేదు. తప్పు నాది" అని రాస్తున్నారు. మీ అందరికీ కృతజ్ఞతలు. కూర్చోమంటున్నారు గానీ, కాస్త ఆగండి. సంతకం అయింది. తేదీ కూడా వేశారు, చూశాను.

దయమ్మ గారూ, ఆవకాయ ఇంకో సీసా మిగిలుంటే ఇచ్చి వెళ్లండి. ఈసారి ముందు ముద్ద నేనే తింటాను. సెలవు.