బార్నా బూట్లు

బుడాపెస్ట్, 1956 అక్టోబరు చివరి రోజులు. సర్కారు మీద తిరగబడ్డ జనం రహస్య పోలీసుల కోసం ఇల్లిల్లూ వెతుకుతున్నారు. మూడో అంతస్తులో గిజెల్లా గుమ్మం. తలుపు దగ్గర కింది వాటా వెరోన్.

"ఒక్క జత, పిన్నీ. పాతవైనా సరే, చిరిగినవైనా సరే."

"మగవాడు లేని ఇంట్లో మగవాడి బూట్లెందుకుంటాయే?"

"బార్నావి ఉంటాయేమోనని..."

"నా కొడుకు పేరు ఎత్తడానికి నోరెలా వచ్చిందే నీకు?"

"నీ కాళ్ళు పట్టుకుంటా. వాళ్ళు మొహాలు చూట్టం లేదు పిన్నీ, కాళ్ళు చూస్తున్నారు. పసుపు బూట్లు కనిపిస్తే చాలు, రహస్య పోలీసే అని ఈడ్చుకుపోతున్నారు. చౌరస్తాలో ఒకణ్ణి చెట్టుకి తలకిందులుగా..."

"చూశాను. బంగాళదుంపల కోసం వెళ్ళినప్పుడు. ఇంకా కదులుతున్నాడు."

"మా ఆయన జిగా అట్లాంటి మనిషి కాదు. పోలీసు కారు నడిపాడంతే."

"మా ఇంటి ముందు ఆగిన కారేనా?"

"అదీ... ఎక్కడికంటే అక్కడికి నడిపాడు. కాదంటే ఆయన్నే లోపలేసేవాళ్ళు."

"బార్నా ఏం చేశాడే? బ్రెడ్డు వరసలో నిలబడి ఒక జోకు వేశాడు. నువ్వూ నవ్వావు."

"నవ్వాను పిన్నీ. నవ్వాను. తర్వాత ఎంతైనా తిట్టు. వాళ్ళు మన గేటులోకి వచ్చేశారు."

"ఆ పసుపువి ఏం చేశావు?"

"మసి పూశాను, అంటలేదు. పొయ్యిలో కుక్కాను, కాలట్లేదు, ఒకటే కంపు. ఉత్త కాళ్ళతో కనిపిస్తే అసలే వదలరు."

"ఎక్కడున్నాడు నీ మొగుడు?"

"ఇక్కడే ఉన్నానండీ. మెట్ల మీద."

"మేజోళ్ళతోనా, జిగా? రా లోపలికి. జలుబు చేస్తుంది."

"పిన్నిగారూ, దేవుడి మీద ఒట్టు. మీ వాడి మీద నేను చెయ్యి వెయ్యలేదు."

"వెయ్యలేదు. వాడెక్కడానికి తలుపు తీసి పట్టుకున్నావు. కిటికీలోంచి చూశాను... ఇవిగో. జైలు నుంచి వాణ్ణి పంపలేదు, వాడి బూట్లు పంపారు. తొడుక్కో."

"పిన్నీ! నీ మేలు చచ్చినా..."

"ఏడవకే, కిందికి వినబడుతుంది. లేసులు గట్టిగా కట్టు. సరిపోయాయా, నాయనా?"

"కొంచెం బిగువండీ."

"వాడివి చిన్న పాదాలు. నువ్వు ఎక్కువ దూరం నడవక్కర్లేదులే."

"ఏయ్! తలుపు! తీస్తారా, విరగ్గొట్టమంటారా?"

"తీస్తున్నా బాబూ. ముసలిదాన్ని, కాస్త ఓపిక పట్టండి."

"వీడెవడు? చూపించు కాళ్ళు. ఎత్తు. ఆ రెండోది... నల్లవే. పదండ్రా, పై అంతస్తు."

"వెళ్ళిపోతున్నారు పిన్నీ... వెళ్ళిపోతున్నారు..."

"ఆగు బాబూ. ఆ బూట్లు నా కొడుకువి. వాటితోనే వాడు కారెక్కాడు, మళ్ళీ దిగలేదు. ఆ కారు నడిపిందెవరో అడుగు."