సందులేని గోడ

బొంబాయి కామాఠీపురలోని చాల్ వరండాలో పొద్దున్నే భర్త సంచి పట్టుకుని నిలబడ్డాడు. భార్య గడప మీది నుంచి లేవలేదు. ఆమె రొమ్ములోని గడ్డకు దవాఖానాలో ఆ రోజే మొదటిసారి కరెంటు, అంటే రేడియేషన్, పెడతారు.

“లేయే, గ్రాంట్ రోడ్ టేషన్ల బండి ఎల్లిపోతది.”

“నేను రాను. నన్నొక్కదాన్నే అర్రల పండవెట్టి అందరు బయటికి ఉరుకుతరంట. మంచిదైతే ఎందుకు ఉరుకుతరు?”

“డాక్టరమ్మ చెప్పింది. ఆ మిషన్ల కోబాల్టు ఉంటది. దాని అణువు నడుమ చిన్న ముద్ద. ముద్దల రవ్వలు కొన్ని ఒకదాన్నొకటి నూకుతుంటయి.”

“మన ఒక్క అర్ర ఖోలీల తోడికోడండ్ల లెక్క.”

“ఆఁ. నూకినా ఇడిపోవు. అంతకన్న పెద్ద బలమొకటి పట్టి ఉంచుతది. కోబాల్టుల ఆ పట్టు నిలకడగ ఉండదు. ఒక రవ్వ మారిపోతది, కిరణం బయటవడతది. అదే గడ్డను సంపుతది. బాగున్నోళ్లకు తాకొద్దని వాళ్లు బయటికి ఉరుకుతరు.”

“ఆ అర్ర గోడ దాటి రాదా?”

“ఆ గోడకు కాంక్రీటు ఎవరు పోసిన్రే? నడుమ ఆపితే అతుకు వడతది, అతుకుల నుంచి కిరణం ఎల్లుతదని మేస్త్రి మనల్ని బువ్వ గూడ తిననియ్యలే. యాది లేదా?”

“ఆ గోడనా ఇది! తట్టలు మోసి నా నెత్తి బొబ్బలెక్కింది.”

“అదే.”

“నువ్వేడ నిలవడతవు?”

“గోడ అవతల.”

“పిలిస్తే ఇనవడతదా?”

“ఇనవడదు. సందు లేకుంట పోసింది మనమే గద.”

ఆమె ఆ గోడ పోసిన అతని చేతుల వైపు చూసింది.

“సంచి ఇటియ్యి. పోదాం.”