మూడో మంచానికి గంజి

నా పేరు రాహేలు. తండ్రి అహరోను. వయసు ముప్పై ఒకటి. ఆదిలాబాద్‌లో పత్తి వ్యాపారుల చందాలతో నడిచే ధర్మ దవాఖానలో నర్సును. 1958 జూన్‌లో జరిగినది మేజిస్ట్రేటు గారి ముందు, ఎవరి బలవంతమూ లేకుండా చెబుతున్నాను.

మా దవాఖానలో నర్సు డాక్టరుతో నేరుగా మాట్లాడకూడదు. పోయిన ఏడాది రోగుల ముందు ఒక మందు గురించి అడిగితే డాక్టర్ సాబ్‌కు తల కొట్టేసినట్టయిందట. అప్పటినుంచి ఆయన మాట నాకు, నా మాట ఆయనకు కాంపౌండరు అంబదాస్ మోస్తాడు. రోగుల పేర్లు ఎవరికీ పట్టవు. మంచం నంబరే పేరు.

శుక్రవారం పొద్దున డాక్టర్ సాబ్ వార్డు చూసి వెళ్ళారు. మూడో మంచం మీద కొమురవ్వ, కడుపులో గడ్డతో వచ్చిన మనిషి, ఉక్కకు తాళలేకపోతోంది. కిటికీ పక్కనున్న ఆరో మంచం ఆమెకిచ్చి, అక్కడి ముసలమ్మ లింగవ్వను మూడుకు మార్చాను. అంబదాస్ వచ్చాక చెబుదామనుకున్నాను. అతను గుమ్మంలోంచే అరిచాడు.

"మూడో నంబరుకు ఏం పెట్టకుండ్రి. సాబ్ చెప్పిండు."

ఎందుకని అడిగేలోపే పోయాడు. లింగవ్వకు విరేచనాలు, అందుకేననుకున్నాను. ఆమె గిన్నె తీసేశాను. శాపనార్థాలు పెట్టింది. కొమురవ్వకు గంజి పోశాను. ఆకలి మీద ఉంది, మళ్ళీ అడిగి పోయించుకుంది.

మధ్యాహ్నం గడ్డ ఉన్న మనిషెవరని అడిగి కొమురవ్వను ఆపరేషన్ గదిలోకి తీసుకుపోతుంటే, పొద్దున ఏం పెట్టొద్దన్నది ఆమెకేనని అప్పుడు తెలిసింది. గుమ్మం దగ్గర అంబదాస్ చెయ్యి పట్టుకున్నాను.

"అన్నా, గామె గంజి తాగింది. సాబ్‌కు చెప్పు."

"ఇప్పుడా? సాబ్ చేతులు కడుక్కున్నడు. తిట్లు ఎవలు పడాలె? జర ఆగు, మోక జూసి చెప్త."

మధ్యన ఉన్నది ఒక్క తెర. అవతల డాక్టర్ సాబ్ దగ్గడం కూడా వినబడుతోంది. ఒక్క కేక వేస్తే చాలు. వేయలేదు. అంబదాస్ అదను కోసం చూశాడు, నేను అంబదాస్‌ను చూశాను.

మత్తులో కొమురవ్వ కక్కుకుంది. అది ఊపిరికి అడ్డం పడింది. చనిపోయింది.

డాక్టర్ సాబ్ తెర తీసి, ఏడాదిలో మొదటిసారి నాతో మాట్లాడారు. "నాకెందుకు చెప్పలే?"

ఆయన పెట్టిన కట్టుబాటు ఆయనకే గుర్తు లేదు.

శవాన్ని బండి ఎక్కించాక ఆమె భర్త కొండల్ నాకు దండం పెట్టాడు.

"సిస్టరమ్మా, ఆకలి కడుపుతోని పోనియ్యలే నువ్వు. నీ చేతి గంజి తాగి పోయింది."

ఆ దండం తీసుకున్నాను.

పైన రాసినది నాకు చదివి వినిపించారు. కలిపింది లేదు, దాచింది లేదు. అంతా నిజమని ఒప్పుకొని చేవ్రాలు చేస్తున్నాను.

(సం.) రాహేలు