దిండు గలీబులో పాస్‌పోర్టు

“మామ్మా, నువ్వు ఒక్కదానివే బ్యాంకాక్ ఎళ్ళొచ్చావంటగా, నిజమేనా?”

ఎవరు చెప్పారే నీకు? మా పక్కింట్లో పనిచేసే సునీతేనా? దాని కడుపులో ఏ మాటా దాగదు కదా. నిజమేనే తల్లీ. ఇలా కూర్చో, చర్చిలో ప్రార్థన అయిపోయింది కదా, ఆ టీ తాగుతా విను.

మరేమో, నేను బుదైయాలో ఆ అరబ్బోళ్ళ ఇంట్లో పనికి చేరి ఇరవై రెండేళ్ళు... కాదు కాదు, ఇరవై మూడు. మా మేడంగారి పెద్దమ్మాయి పెళ్ళయిన ఏడు ఒచ్చాను. ఏటా ఎండలకి ఆళ్ళందరూ బ్యాంకాక్ ఎళ్తారు. ఆవిడకి మోకాళ్ళు చూపించుకోడం, పిల్లలకి షాపింగూ. పెట్టెలు సర్దేదెవరూ? నేను. తిరిగొచ్చాక ఇప్పి ఉతికేదెవరూ? నేనే. ఏ పెట్టెలో ఏ చెప్పులున్నాయో చీకట్లో చెప్పేదాన్ని గానీ, ఆ ఊరు ఎలా ఉంటదో నాకు తెలీదు. నాకేమో ఓ సబ్బు తెచ్చేవారు, మల్లెపూల వాసనది. మంచి సబ్బేలే, మాట చెప్పుకోవాలి.

రెండేళ్ళకోసారి నాకు ఇంటికి టికెట్టిస్తారు. కిందటేడు మేడంగారు, “యల్లా, తొందరగా చెప్పు, ఊరెప్పుడెళ్తావు?” అంటే, “ఊరు తర్వాత ఎళ్తానమ్మా, ముందు బ్యాంకాక్ చూసొస్తాను” అన్నాను. నా నోట్లోంచి అదెలా ఒచ్చేసిందో నాకే తెలీదు! ఆవిడ నవ్వింది. నవ్వి, బీరువా తీసి నా పాస్‌పోర్టు చేతిలో పెట్టింది. మనిషి మంచిదేనే, కాదన్ను. రాజోలు నించి మావాడు ఫోన్లో ఒకటే కేకలు. “ఈ వయసులో షికార్లేంటమ్మా, తప్పిపోతే ఎవడెతుకుతాడు?” అని. “నువ్వేం ఎతక్కులే, నేనే ఒస్తాను” అని పెట్టేశాను. పెట్టేశాను గానీ నాకూ లోపల దడే.

సునీత ఫోన్లోనే టికెట్టూ హోటలూ అన్నీ చేసిపెట్టింది. దిగాను. హోటల్లో బల్ల దగ్గర పిల్ల ఇంగ్లీషులో పాస్‌పోర్టు అడిగింది, మేడంగారింట్లో నేర్చిన ముక్కలే కదా, అర్థమైంది. ఇచ్చాను. ఇచ్చేసి, సంచీ పట్టుకుని పైకెళ్ళిపోయాను. మన అలవాటదే కదా, ఇల్లెవరిదైతే పాస్‌పోర్టు ఆళ్ళ దగ్గరే ఉంటది! ఆ పిల్ల ఎనకాలే పరిగెత్తుకొచ్చి, “మీ దగ్గరే ఉంచుకోవాలండీ” అని ఇచ్చేసింది. నన్ను ఉండనివ్వరేమో అనుకున్నాను, చూడు నా తెలివి. మళ్ళీ సాయంత్రం కిందికెళ్ళి, “కాస్త బయటికెళ్ళొచ్చా?” అని అడిగాను. ఆ పిల్ల వింతగా చూసి, “ఎక్కడికైనా ఎళ్ళొచ్చండీ, ఎప్పుడైనా రావచ్చు” అంది. నాకు కళ్ళంట నీళ్ళొచ్చేశాయే.

ఇక తిరిగాను చూడూ! రోడ్డు మీద మోటార్ సైకిళ్ళు ఈగల్లాగ. నెత్తి మీద రైలు, పక్కన ఏట్లో పడవలు, ఊపిరాడనివ్వని జనం. పేవుమెంటు మీద ఒకావిడ పచ్చి బొప్పాయి రోట్లో దంచి, మిరపకాయలేసి ఇచ్చింది. అచ్చం మా అత్తగారి పచ్చడిలా నాలిక మండిపోయింది. రెండోసారి కూడా అడిగి తిన్నాను.

ఇంతకీ పాస్‌పోర్టు సంగతి. నా జన్మలో అది దాచుకుని ఎరగను కదా, ఎక్కడ పెట్టాలి? ఆ పాడు గదిలో ఎక్కడ పెట్టినా భయమే. చివరికి దిండు గలీబులోకి తోసి, దాని మీద పడుకున్నాను. మూడోరోజు పొద్దున్నే, అంటే నేను బయల్దేరే రోజన్నమాట, లేచాను. నా పక్క ఇంకో ఆడది ఎత్తడం నాకు మనసొప్పలేదు. దుప్పటీ గలీబూ నేనే ఊడదీసి, చక్కగా మడతపెట్టి గుమ్మం బయట పెట్టేసి బజారుకెళ్ళాను. ఆఁ, నవ్వు, నవ్వు! మధ్యాన్నం ఒచ్చి చూస్తే మంచం మీద కొత్త గలీబేసిన దిండు తెల్లగా. పాస్‌పోర్టు ఆ పాత గలీబులోనే ఉండిపోయింది! సాయంత్రం విమానం. మావాడన్న మాటే చెవిలో గింగురుమంటోంది.

మెట్లు దిగి పరిగెత్తాను, ఈ మోకాళ్ళతో. కింద బట్టలుతికే గది. పెద్ద పెద్ద మిషన్లు గుయ్యిమని తిరుగుతున్నాయి, నేల మీద తెల్లటి మూటలు గుట్టలు గుట్టలు. ఆడోళ్ళు అయిదారుగురున్నారు. ఆళ్ళకి నా మాట రాదు, నాకు ఆళ్ళ మాట రాదు. చేతులతో దిండు చూపించాను, విమానం చూపించాను, ఏడుపు మాత్రం చూపించక్కర్లేకుండానే ఒచ్చేసింది. అప్పుడు చూశాను, బల్ల మీద విడిగా ఓ మూట. దుప్పటి నాలుగు మడతలు, కొసలు లోపలికి దోపి, మధ్యలో గలీబు. నా మడతే! ఇరవై మూడేళ్ళుగా బుదైయాలో పెడుతున్న మడత, నాకు తెలీదా? అందరూ దుప్పట్లు ఉండచుట్టి పారేస్తారు కదా, ఇదెవరు పెట్టారా అని ఆళ్ళు ముచ్చటపడి మిషన్లో వెయ్యకుండా పక్కన పెట్టారంట, సైగలతో చెప్పారు. తీస్తే లోపల పాస్‌పోర్టు, పొడిగా. ఆళ్ళలో ఒక నెరిసిన జుట్టావిడ నా చెయ్యి తిప్పి అరచెయ్యి చూసి, తన అరచెయ్యి చూపించింది. రెండూ ఒకలాగే ఉన్నాయి. ఆవిణ్ణి వాటేసుకున్నానే, సొంత అప్పచెల్లెల్ని ఒదిలొచ్చినట్టే అనిపించింది.

బుదైయా ఒచ్చాను. మేడంగారు ఎలా ఉంది అని అడుగుతానే, బీరువా తాళం ఓ చేత్తో పట్టుకుని, రెండో చెయ్యి చాపింది. కోపంతో కాదే, అలవాటు. నా చెయ్యి కూడా సంచీలోకి సగం ఎళ్ళింది. ఎళ్ళి ఆగిపోయింది.

“ఇది నా దగ్గరే ఉంటదమ్మా” అన్నాను.

“పోగొట్టుకుంటావేమో” అంది.

“పోయినా ఎతుక్కోడం నేర్చుకొచ్చానమ్మా.”

ఆవిడ చెయ్యి ఎనక్కి తీసుకుంది. నేను వంటింట్లోకెళ్ళి చెంబుడు నీళ్ళు తాగాను.

నువ్వూ ఎళ్ళవే తల్లీ, ఎక్కడికెళ్ళాలని ఉంటే అక్కడికి. ఎవర్నీ అడగమాక. చల్లగా ఎళ్ళి చల్లగా రా. దేవుడు తోడుంటాడు నీకు... మనూరి పిల్లవి, నీకేం భయం...