బటన్ల రాయి

"...వారమైందిరా, ఆ పువ్వు మొహమైనా చూడట్లేదు నీ జోకరు చేపలు. రెండూ మూలకి చేరి, హీటరు వెనకాలే పడుకుంటున్నాయి."

చేపల షాపాయన ఫోన్ని చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని అద్దాల తొట్టె తుడుస్తున్నాడు. అవతల వాళ్ళక్క. ఆవిడ మొదలుపెడితే మధ్యలో దూరడానికి సందు దొరకదు, తమ్ముడికి చిన్నప్పట్నుంచీ అలవాటే.

"పువ్వేంటక్కా, అది జంతువు. ఎనిమోనీ. ముట్టుకుంటే కుడుతుంది. చేప మాత్రం ఒక్కసారిగా దూకేస్తుందా? ముందు తోక ఆనించి పారిపోతుంది. మళ్ళీ వచ్చి పొట్ట రాస్తుంది. అలా ఒళ్ళు అలవాటయ్యాకే దాంట్లో కాపురం."

"ఎన్నాళ్ళు?"

"కొన్నిటికి గంట. కొన్నిటికి మూణ్ణెల్లు. కొన్నిటికి అసలు పొసగదు."

"ఇచ్చేటప్పుడు పొసగుతుందన్నావుగా. నీ మాట నీటి మీద రాత."

"అమ్మేటప్పుడు అందరం అదే అంటాం. అక్కవి గనక ఇప్పుడు నిజం చెప్తున్నా."

"పాప రోజూ స్కూల్నించి రాగానే తొట్టె ముందు కూచుంటోందిరా, ఇవాళైనా వెళ్ళాయా అమ్మా అని. చూళ్ళేకపోయా. అందుకే ఇక నేనే రంగంలోకి దిగా."

"దిగి?"

"అడ్డం తీసేశా."

"ఏం అడ్డం?"

"పువ్వు పక్కన రాయి లేదూ? దాని మీద గోధుమరంగు బటన్లు మొలిచాయి. సరిగ్గా చొక్కా బటన్లంత. నువ్వు పెట్టినప్పుడు నాలుగో అయిదో, ఇప్పుడు రాయంతా అవే. చేపలు వాటికే జడుస్తున్నాయి."

"చుట్టూ కుచ్చులున్నాయా? ముడితే ముడుచుకుంటాయా?"

"ఆ, చూడ్డానికి ముద్దుగానే ఉన్నాయి. గీకితే మాత్రం వస్తేగా. ఒకటే జిగురు."

"గీకావా? చేత్తోనా?"

"చాకుతో."

"గ్లవ్సు?"

"అంట్లు తోమే చేతులకి గ్లవ్సేంటిరా."

"చేతులు కడుక్కున్నావా? కళ్ళు నులుముకున్నావా? ఎక్కడైనా తెగిందా?"

"ఏంట్రా, పోలీసోడిలా. కడుక్కున్నాలే. ఉండు, మీ బావ పిలుస్తున్నాడు... దుప్పటి కావాలిట. చలేస్తోందిట."

"ఇంత ఎండలో చలేంటి?"

"నిన్నంతా తిరిగాడుగా, జ్వరమేమో."

"అక్కా. ఆ రాయి ఇప్పుడెక్కడుంది?"

"ఎక్కడుంటుంది. పొయ్యి మీద."

"పొయ్యి మీదేంటి?"

"పెద్ద గిన్నెలో మరుగుతోంది. చాకుకి రాకపోతే ఇంకేం చెయ్యను? నువ్వేగా చెప్పావ్, రాళ్ళు మరిగించి కడిగితే కొత్తవాటిలా అవుతాయని."

"పాచి పట్టిన రాళ్ళకి చెప్పానక్కా. ప్రాణమున్న వాటికి కాదు."

"ఏ రాయైతేనేం. రాయి రాయేగా."

"ఎంతసేపైంది?"

"ముప్పావుగంట అయ్యుంటుంది."

"కిటికీలు?"

"ఏసీ వేశాంగా. అన్నీ మూసే ఉన్నాయి."

"నీ నోరెలా ఉంది?"

"నా నోటికేమైందిరా?"

"అది కాదు. చేదుగా ఉందా? ఇనుము నాకినట్టుందా?"

"...నీకెలా తెలుసు?"

"పాపేది?"

"హాల్లో, తొట్టె ముందే. ఇవాళ సెలవుగా. కాస్త దగ్గుతోంది. జలుబులే, అదే..."

"అది జలుబు కాదు. విను. ఆ బటన్లలో విషముంది. నీళ్ళలో ఉన్నంతసేపూ వాటి మానాన అవి ఉంటాయి. మరిగిస్తే విషం ఆవిరితో పాటు పైకొస్తుంది. ఇప్పుడు మీ ఇల్లంతా అదే."

"భయపెట్టకురా."

"భయపడు. భయపడి నడువు. పాపని ఎత్తుకో, బావని లేపు."

"పొయ్యి ఆపేసి..."

"వద్దు. వంటింటి వైపే వెళ్ళకు. దాని సంగతి ఫైరింజన్ వాళ్ళు చూసుకుంటారు. నీకు పుణ్యముంటుంది, కదులు."

"చెప్పులు..."

"చెప్పులు తగలెయ్, నడువు."

"...రామ్మా, దా. ఏవండీ, లేవండి. లేవండీ... ఒరేయ్, ఆయన నిలబడలేకపోతున్నాడురా. కాళ్ళు లాగేస్తున్నాయంటున్నాడు."

"భుజం పట్టు. ఈడ్చుకొచ్చినా సరే. షాపు ఫోన్లో అంబులెన్సుకీ ఫైరింజన్‌కీ చేస్తున్నా. వాళ్ళు రాగానే రాయి మరిగించాం, ఆవిరి పీల్చాం అని చెప్పు. జ్వరమని చెప్పకు."

"..."

"అక్కా?"

"..."

"అక్కా, మాట్లాడు."

"...వచ్చేశాం. మెట్ల మీదున్నాం, ముగ్గురం."

"తలుపు లాగేశావా?"

"లాగేశా."

"పాప?"

"దగ్గుతోంది. నన్ను గట్టిగా పట్టుకుంది."

"అమ్మయ్య. బండి బయల్దేరింది, పది నిమిషాలన్నారు. నా నోరు పడిపోనూ. ఏ రాయో, ఎలాంటిదో ఇంకొక్క ముక్క విడమరిచి చెప్పుంటే ఇంత జరిగేదా."

"నిన్నేమీ అనట్లేదురా. ఒరేయ్... నువ్వు షాపుకి ఎప్పుడొచ్చావ్?"

"తొమ్మిదింటికి. ఏం?"

"మీ ఇంటి తొట్టెలోనూ ఈ బటన్లే ఉన్నాయటగా."

"ఎవరు చెప్పారు?"

"మరదలు. పొద్దున ఫోన్లో మాట్లాడుకున్నాం. నేను మరిగిస్తున్నానంటే, బాబుని పడుకోబెట్టి తనూ పెడతానంది. చేపలు పువ్వెక్కితే నువ్వు సంతోషిస్తావని."

"అక్కా."

"తన రాయి ఎలా వచ్చిందో అడుగుదామని తనకే చేశాన్రా ముందు. నాలుగుసార్లు చేశా. ఎత్తకపోతేనే నీకు చేశాను."