మూడు రోజుల పరారీ

జూలో చీతా కంచె దగ్గర బావ, బామ్మర్ది నిలబడి ఉన్నారు. బావ చీతాను చూసుకుంటాడు. బామ్మర్ది, కొమ్మకు తలకిందులుగా వేలాడే స్లాత్‌ను.

“తప్పించుకుందా? స్లాత్ తప్పించుకుందా?”

“మెల్లగా అను బావా, సూపర్‌వైజర్ వింటాడు.”

“విననీ! ఒరేయ్, నా చీతా పారిపోయిందంటే ఒక అర్థం ఉంది. కన్ను మూసి తెరిచేలోగా రోడ్డెక్కుతుంది. నీదో? ఈ కొమ్మ నుంచి ఆ కొమ్మకి పోవడానికి ఒక పూట పడుతుంది. దానికి కూడా కాపలా కాయలేకపోయావు!”

“ఎప్పుడూ అక్కడే ఉంటుంది కదా అని చూళ్ళేదు.”

“ఎప్పట్నుంచి?”

“సోమవారం నుంచి.”

“ఇవాళ గురువారంరా! మరి పెట్టిన ఆకులు?”

“అలాగే ఉన్నాయి. అరగలేదేమో అనుకున్నా.”

“అరగలేదనుకున్నాడట! మీ అక్క మొహం చూసి నీకీ ఉద్యోగం వేయించినందుకు నా చెప్పుతో నేనే కొట్టుకోవాలి. నన్ను చూసి నేర్చుకో. ఈ కంచెలోకి చీమ వచ్చినా నాకు తెలుస్తుంది. నావీ, నా చీతావీ డేగ కళ్ళు.”

“ఇంతకీ నీ చీతా ఎక్కడ పడుకుంది బావా?”

“కనిపించట్లా? ఆ మూల చెట్టు కింద. సోమవారం నుంచీ అదే నీడ.”

“సరిగ్గా దాని నెత్తి మీద కొమ్మ చూడు.”

“ఏముందక్కడ? ఏదో బూజు పట్టిన గోనెసంచి... ఓరి నాయనో!”

“మా వైపు చెట్టు కొమ్మ గోడ మీంచి ఇటు వాలింది. తీరిగ్గా నడిచొచ్చినట్టుంది. మూడు రోజులు బావా! డేగ కళ్ళు నాలుగున్నాయి, ఒక్కటీ చూళ్ళేదు!”

“మెల్లగా అనరా, సూపర్‌వైజర్ వింటాడు.”