పైక్ చేపకి ఒక్క కొక్కెం

వదిలేసిన చేప నిజంగా బతుకుతుందా అన్న సందేహం అతనికి ఏళ్లుగా ఉంది. ఆ ఉదయం ఇంగ్లండులోని లింకన్‌షైర్‌లో ఓ కాలువ గట్టున బావమరిది అతని గాలం చూసి నవ్వాడు.

"పైక్ చేపకి ఇన్ని కొక్కేలా బావా? మొసలి వస్తుందనా?"

"తప్పించుకోకూడదుగా."

"ఒక్కటి చాలు. దాని మొన దగ్గరి ముల్లు కూడా పటకారుతో నొక్కెయ్. ఇనపతీగ మాత్రం ఉంచు. ఉత్త దారమైతే కొరికేసి కొక్కెంతోనే పోతుంది."

అతను మిగతా కొక్కేలు తీసేసి, ముల్లు నొక్కి, ఎర గుచ్చి గాలం నీళ్లలో వేశాడు.

"బెండు మునిగాక కాసేపు ఆగమనేవాడు మీ నాన్న."

"ఆగితే కొక్కేన్ని గొంతు లోపలిదాకా మింగేస్తుంది. అదిగో, మునిగింది. లాగు."

కొక్కెం పెదవి అంచునే ఉంది. కాస్త కదపగానే ఊడింది. నీళ్లలో పట్టుకుంటే చేప తోక విదిల్చి వెళ్లిపోయింది.

"రక్తం చుక్క లేదు. బతుకుతుంది."

"మీ నాన్న వదిలెయ్యమన్న చేప అప్పట్లో నా చేతిలో చచ్చింది. ఆయనకి ఒక చేప బాకీ పడ్డాను."

"తీరిపోయిందిలే బావా."